ఓడలు గలవు, ఒడ్డున దిగువారేరి?

2019వ సంవత్సరము నవంబరులో కాకినాడ యిసుకతిన్నెలమీద రెండు దేశముల సైనికులు ప్రక్కప్రక్కన దిగిరి. టైగర్ ట్రయంఫ్ అను పేరిట భారత అమెరికా దేశములు జరిపిన సంయుక్త విన్యాసమది. అమెరికావారి జర్మన్‌టౌన్ నౌకతో వచ్చినవారు ఆ దేశపు మూడవ మెరీను డివిజనువారు. అనగా నౌకాశాఖలోనే పుట్టి పెరిగిన పదాతులు. మన జలాశ్వ, ఐరావత నౌకలతో వచ్చినవారు 19వ మద్రాసు పటాలమువారును, 7వ గార్డ్సు పటాలమువారును. అనగా భూసైన్యమునుండి ఆ పనికై యెరవు తెచ్చుకొనబడినవారు. ధైర్యమున మనవా రెవ్వరికిని తీసిపోరు. కాని యొకరికి సముద్రము ఇల్లు, మరియొకరికి విడిది. ఆ చిత్రములను పఠనమందిరములలో చూచి యానందించినవారు పలువురు. ఈ భేదమును గమనించి, యిట్లేలయని యడిగినవారు అరుదు. మేము అడుగుచున్నాము.

ఓడలయందు నివసించుచు, ఓడలనుండి యుద్ధమునకు దిగు పదాతులను ఇంగ్లీషువారు మెరీనులందురు. మనము సాగరపదాతులందము. ఇంగ్లండు 1664లో ఇట్టి దళమును కూర్చుకొనెను. అమెరికా 1775లో, అనగా తన స్వాతంత్ర్యప్రకటనమునకు ముందే, కూర్చుకొనెను. స్వరాజ్య మింకను చేతికి రాకమునుపే ఆ వలసప్రజలు తమ యోడలకు సొంత పదాతులుండవలెనని తలచిరి. మనకు స్వరాజ్యము వచ్చి ముప్పాతిక శతాబ్దము దాటినది. విమానవాహక నౌకలు రెండు గలవు. అణుశక్తిచే నడచు జలాంతర్గాములు గలవు. సాగరపదాతిదళము మాత్రము లేదు.

1987లో నేర్పడిన మార్కోస్ దళము గలదుగదా యని కొంద రందురు. గలదు, దానిని జూచి గర్వింపని భారతీయుడు లేడు. 2008లో బొంబాయి హోటళ్లలో ముష్కరులను మొదట నెదిరించిన శిక్షితులు వారే. 2024 మార్చిలో దొంగలు పట్టుకొన్న రూయెన్ అను నోడను విడిపించుటకై, విమానమునుండి సముద్రములోనికి దిగి, కల్కత్తా యుద్ధనౌకవారితో గూడి, 35 మంది దొంగలను లొంగదీసి 17 మంది నావికులను ప్రాణములతో దెచ్చినవారును వారే. కాని వారు ఏరిన గుప్పెడుమంది. మెరుపువలె పడి మరలిపోవుట వారి విద్య. ఒక దీవిని పట్టి, రేయింబవళ్లు దానిని కాచి, శత్రువు తిరిగి వచ్చినను కదలక నిలుచుట వేరు విద్య. అది పదాతి పని. ఇక 2009లో వేయిమందితో మంజూరైన సాగరప్రహరీ బలము నౌకాస్థావరములకు కావలి కాచునదే గాని పరతీరమున దిగునది కాదు.

తెనాలి మాగాణిలో నుండు మనకు ఈ గొడవ యెందుకని పాఠకులలో కొందరికి తోచవచ్చును. తెనాలిలో రేపల్లె బండి యెక్కినవాడు ఆ పట్టాలు ముగియుచోట దిగి, మరికొంత దూరము రోడ్డున బోయిన నిజాంపట్టణము చేరును. నేడది రొయ్యలకును మరబోట్లకును పేరుపడిన రేవు. పూర్వము పెద్దపల్లి యనబడెను. పరదేశీయుల లెక్కపుస్తకములలో పెట్టపోలి. 1606లో డచ్చివారక్కడ వర్తకశాల పెట్టిరి. 1611లో గ్లోబ్ అను నోడ హిప్పన్ కప్తానుతో నక్కడ లంగరు దించెను. ఇంగ్లీషు కంపెనీవారు కోరమాండల తీరమున మొట్టమొదట కాలు మోపినది బందరునను ఈ మన నిజాంపట్టణమునను. వారు తెచ్చినది వర్తకమే. కాని వర్తకము వెనుక నోడయు, నోడలో తుపాకి పట్టిన మనిషియు నుండిరి. వంగరాష్ట్రములో 1757 నాటి కథకు ముందు క్లైవు కల్కత్తా చేరినది మద్రాసునుండి నౌకామార్గముననే.

మన సర్కారుల కథయు నట్టిదే. 1758లో కల్నల్ ఫోర్డు వంగదేశమునుండి ఓడలమీద విశాఖపట్టణమునకు వచ్చి దిగెను. ఆ డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచివారిని గెలిచి, 1759 మార్చి మొదట బందరుకోట ముంగిట నిలిచెను. ఆ కోటకు బురదయే సగము రక్ష. అటునుండి యెవ్వరును రారని ఫ్రెంచివారు నమ్మిరి. ఫోర్డు రాత్రివేళ బురదలో మనుష్యులను నడిపించి, సూర్యోదయమునకు కోటను బట్టెను. పుదుచ్చేరినుండి ఫ్రెంచివారు పంపిన సైనికులతో ఓడలు బందరు కనుచూపుమేరకు వచ్చునప్పటికి కోట పోయి కొన్నిదినము లాయెను; దిగుటకు చోటు లేక అవి ఉత్తరముగా సాగిపోయెను. ఆ మేనెలలో సలాబత్ జంగు వ్రాసి యిచ్చిన సంధిలో బందరు సర్కారుతోపాటు నిజాంపట్టణము సర్కారును, కొండవీటిసీమయు ఇంగ్లీషువారి కినాములాయెను. అనగా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల తలవ్రాత యొక రాత్రి బురదలోను, కొన్నిదినములు వెనుకబడిన రెండు ఓడలలోను నిర్ణయమయ్యెను. మాగాణివారికి సముద్రముతో పనిలేదనువారు ఈ లెక్క చూచుకొందురుగాక.

ఈ విద్య మనవారెరుగనిదియు కాదు. రేపల్లెకు సమీపమున నున్న చందవోలు వెలనాటి చోడుల రాజధాని. పదమూడవ శతాబ్దారంభమున కాకతి గణపతిదేవుడు వెలనాటిని జయించి, అంతటితో నాగక, కృష్ణ కావలి దివిసీమను గూడ గైకొనెను. ఆ దీవి నేలిన అయ్యవంశమువారిని మన్నించి, వారి యాడుబిడ్డలను పెండ్లాడి, జాయపను తన గజసేనకు నాయకుని జేసెను. తెనాలికి చేరువనున్న చేబ్రోలు శాసనము ఆ జాయపదే. నృత్తరత్నావళిని వ్రాసినదియు నాతడే. తీరము గెలిచినవాడు దీవిని విడిచిన ఆ తీర మతనికి దక్కదని గణపతిదేవుని కెవ్వరును బోధింపవలసిన పని లేకపోయెను.

ఇక్కడ నొక యాక్షేపణ వచ్చును. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. సాగరపదాతి సామ్రాజ్యవాదుల యాయుధము. ఒరుల యొడ్డున దిగుటకే అది పుట్టినది. అట్టి దళముచే దేశము గోల్పోయినవారికి అదే దళము కావలెననుట తగునా? 1942 ఆగస్టులో తెనాలి వీథిలో పరప్రభుత్వపు తుపాకులకు బలియైన యేడుగురి స్మారకము ప్రక్కనుండి రోజును నడచువారికి ఈ ప్రశ్న సహజము. మేము దీనిని గౌరవించుచున్నాము. అయినను దేశపటమును విప్పి చూడుడు. అండమాను నికోబారులలో దీవులును తిప్పలును కలిపి ఎనిమిదివందలకు పైగా గలవు. వానిలో మనుష్యులున్నవి కొలదియే. 1942 మార్చి 23వ తేదీన జపానువారు పోర్టుబ్లేరులో దిగిరి. ఎదిరించినవా రెవ్వరును లేరు. పదునాలుగు దినములు గడచునప్పటికి విశాఖపట్టణముమీదను కాకినాడమీదను వారి బాంబులు పడెను. మూడేండ్లకు పైగా ఆ దీవులవా రనుభవించిన చెరయు చిత్రవధయు జగద్విదితములు. దీవిని పోగొట్టుకొనినపిమ్మట మరల గైకొనుట యెట్లు? ఉత్తరము వ్రాసియా? యుద్ధమును పరిత్యజించితిమని రాజ్యాంగములో వ్రాసికొన్న జపాను దేశమే తన దీవుల కావలికై 2018లో జలస్థల బ్రిగేడు నొకదానిని నిలిపెను. మన దీవిని మనము కాచుట సామ్రాజ్యము కాదు. అయితే ఆ దళమును పార్లమెంటు తెలియకుండ పరాయి యొడ్డునకు బంపు నధికారము ఏ మంత్రివర్గమునకును ఉండరాదని నిబంధన కోరువారితో మేమును చేయి గలుపుదుము.

జపానువారి యా బ్రిగేడు భూసేనకు చెందినదే గాని నౌకాసేనకు గాదని విజ్ఞులు మాకు గుర్తుచేయవచ్చును. నిజమే. దస్త్రములో ఏ శాఖపేరు వ్రాయవలెనను విషయమై మాకు పట్టుదల లేదు. ఆ పనికే పుట్టి, ఆ పనిలోనే పండు దళము కావలెననియే మా వాదము. మన భూసేనలోను జలస్థల యుద్ధమునకు నిర్దేశింపబడిన బ్రిగేడులు గలవు. తిరువనంతపురములోని 91వ పదాతి బ్రిగేడు అట్టిది. కాని అందులోని పటాలములు శాశ్వతములు గావు. కొన్నియేండ్లుండి, అల నెరిగి, ఓడమెట్ల నెరిగి, నడిసముద్రమున కడుపు త్రిప్పుట మానినతరువాత వేరు చోటికి పోవును. క్రొత్త పటాలము వచ్చి మరల ఓనమాలు దిద్దును. బ్రిగేడు పడమటి తీరపు కొసను. వారి నెక్కించుకొనవలసిన పెద్దయోడ జలాశ్వ తూర్పున విశాఖపట్టణమున. అప్పుడప్పుడు విన్యాసములలో కలిసికొందురు. 2023 జనవరిలో కాకినాడయొద్దనే యట్టి మహావిన్యాసము మరల జరిగెను. అత్తవారింటికి పండుగకు వచ్చిన అల్లునివలె నోడలో నుండువాడు, గాలి మారినప్పు డేమి చేయవలెనో ఎట్లెరుగును?

ఇది మా యూహమాత్రము కాదు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ యుద్ధము ముగియుచుండగా, బర్మావైపు తప్పించుకొనిపోవు పాకిస్తాను సైనికులను అడ్డగించుటకై కాక్సుబజారు తీరమున దళమును దింపవలెనని నిశ్చయించిరి. ఎన్నుకొన్నవారు గూర్ఖాలు. ప్రపంచములో వారికి మించిన పదాతులు లేరన్నను అతిశయోక్తి గాదు. కాని కొండలలో పుట్టినవారు. వారిని వర్తకనౌకలో నెక్కించి, నడిసముద్రమున ఘడియాల్, గుల్దార్ అను దింపుడునౌకలలోనికి మార్చిరి. ఆ విద్యలో వారికి తగిన తరిఫీదుకు వ్యవధి యెక్కడిది? తెల్లవారుజామున నోడ ఒడ్డు తాకినట్లే యుండెను. తాకినది ఒడ్డు కాదు, ఇసుకమేట. మేటకావల మరల లోతు. వీపున బరువులతో, చేత తుపాకులతో దిగిన జవానులలో నీట మునిగి ప్రాణములు గోల్పోయినవారు గలరు. అక్కడ శత్రువు ఒక్క గుండైనను పేల్చలేదు. వారిని జంపినది శత్రువు గాదు. సముద్రమును గూర్చిన మన యజ్ఞానము. విజయోత్సాహములో ఈ సంగతి మరుగుపడినది. ఎదుట శత్రువే యుండినచో ఏమై యుండెడిదో తలచుకొనిన ఒడలు జలదరించును.

నిజాంపట్టణపు సరంగు నొకని నడిగి చూడుడు. మొగలో మేట యెక్కడ వేసినది, పోటులో దానిపై నీరెంత, పాటులో నెంత, పోయిన వరదకు అది ఎటు జరిగినది, మేట దాటినతరువాత మరల ఎంత లోతు పడునో అతడు అరచేతి గీతలవలె చెప్పును. గొప్ప గొప్ప సేనలే ఈ లెక్క తప్పి నష్టపడినవి. 1943 నవంబరులో పసిఫికులోని తరావా దీవియొద్ద పాటు నీటిలో అమెరికా మెరీనుల పడవలు పగడపు గట్టుపై చిక్కుకొని, వారు గుండ్లవానలో నడుమెత్తు నీట నడచిపోవలసివచ్చెను. వారు ఆ పాఠమును వ్రాసికొని, అభ్యసించి, తమ బిడ్డలకు నేర్పిరి. మన కాక్సుబజారు పాఠమును మనము నేర్పినదెవరికి? నేర్చుకొనుటకు శాశ్వతమైన దళ మేది?

ఇక క్షిపణివాదులు. వందల కిలోమీటర్ల దూరమునుండి ఓడను కాల్చివేయు నాయుధములు వచ్చినతరువాత ఈ తీరావతరణములు పాతకాలపు ముచ్చట యని వా రందురు. బాపట్ల పౌరులకు క్షిపణులు క్రొత్త గాదు. సూర్యలంకలోని వైమానికస్థావరమున 2020లో ఆకాశ క్షిపణులను వరుసగా ప్రయోగించి పరీక్షించిరి. క్షిపణి భయమును మేము తక్కువ చేయము. 2022లో నల్లసముద్రమున రష్యావారి గొప్ప యోడ మాస్క్‌వా ఉక్రెయిను క్షిపణులకు మునిగెను. వారు ఫిబ్రవరిలో పట్టిన సర్పద్వీపమును నిలుపుకొనలేక జూనునెల చివర విడిచిపెట్టిరి. వేలమంది బారులు తీర్చి పగటివేళ నొడ్డున దిగు కాలము పోయినమాట నిజమే. కాని సాగరపదాతి కాలము పోయెనా? 2020లో అమెరికా మెరీనులు తమ టాంకులనన్నిటిని వదలుకొనుటకు నిశ్చయించిరి. చిన్నచిన్న గుంపులుగా దీవులలో జొచ్చి, అక్కడనుండి శత్రువు ఓడలపై క్షిపణులు వేయు విద్యకు మరలిరి. అనగా క్షిపణి పదాతిని తొలగింపలేదు. పదాతి భుజమున కెక్కినది. దీవిలో దానిని మోసి, దాచి, కాచువాడు మనిషియే. ఈ సంగతి మన యిరుగుపొరుగు లెరుగుదురు. పాకిస్తాను 1990లో తన మెరీనులను మరల నిలిపెను. చైనా 2017 మొదలుగా తన సాగరపదాతులను బహుళముగా పెంచుచున్నది. నిద్రించుట మనవంతు.

యుద్ధమొకటే దీని పనియు గాదు. 1977 నవంబరు 19వ తేదీ రాత్రి దివిసీమమీద సముద్రము లేచివచ్చి పదివేలమందికి పైగా ప్రాణములు గొన్నది. ఆ కాళరాత్రిని రేపల్లె లంకలవారు ఇప్పటికిని మరువలేదు. రోడ్లు తెగి, గట్లు కొట్టుకొనిపోయి, శవముల నడుమ బ్రతికినవారు నీరు లేక పడియుండిరి. అట్టి చోటికి రోడ్డు వెదకుచు పోవు సేన వేరు, సముద్రమువైపునుండి నేరుగా నొడ్డున దిగగల సేన వేరు. 2004 డిసెంబరు 26 సునామీలో కారునికోబారు వైమానికస్థావరమే ధ్వంసమాయెను. దీవులలో ధక్కలు కూలిపోయెను. ఓడలు చేరినను సామగ్రిని దింపుట దుర్ఘటమాయెను. ఆ యనుభవముతోడనే మన ప్రభుత్వము జలాశ్వను అమెరికావారినుండి కొని 2007లో మన నౌకాదళమున జేర్చెను. వేయిమంది సైనికులను మోయగల యా యోడయే 2020 మేనెలలో మాలెనుండి 698 మంది భారతీయులను కొచ్చికి దెచ్చెను. దాని సేవను మెచ్చుకొందము. కాని అది అమెరికా నౌకాదళమున జేరినది 1971లో. యాబదియేండ్లు దాటిన ముదుసలి యది. మగర్ 2023 మేలోను, చీతా, గుల్దార్, కుంభీర్ 2024 జనవరిలోను విశ్రాంతి పుచ్చుకొనినవి. క్రొత్తగా నాలుగు పెద్ద దింపుడునౌకలు కట్టింతుమని పిలిచిన టెండరు ఏండ్లతరబడి నలిగి నలిగి 2020లో రద్దాయెను. 2025 అక్టోబరులో రక్షణశాఖవారు అట్టి యోడలు అవసరమని మరల అంగీకరించిరి. అంగీకారము కాగితము, ఓడ ఇనుము. ఒకదానినుండి రెండవది పుట్టుటకు మనదేశమున ఎన్నియేండ్లు పట్టునో తెలిసినదే. 1948లో జల ఉష యను నోడను నీట దింపిన విశాఖపట్టణము మనకుండగా ఆ యోడలు పరదేశముల రేవులలో కట్టబడరాదని మాత్రము ఇప్పుడే చెప్పి పెట్టుచున్నాము.

ఓడలు వచ్చిన వచ్చును. ఎక్కువా రెవరు? ఇక్కడనే మాకు ముఖ్యమైన తగవు. నౌకాదళపు ప్రధాన భర్తీకి ఇంటర్మీడియటులో గణితము, భౌతికశాస్త్రము చదివియుండవలెను. యంత్రములమధ్య పనిచేయువానికి అది న్యాయమే. పదవతరగతితో నాగినవానికి తెరచినది వంటశాల, వడ్డన, పారిశుధ్యము. పండ్రెండేండ్లకే తండ్రితో వేటకు పోయి, చీకటిలో చుక్కనుబట్టి దారి తెలిసికొని, కెరటము తలమీద విరుగుచుండగా బోటును మొగ దాటించు జాలరి కుఱ్ఱవాడు ఈ రెండింటిలో దేనికి? అతనికి బీజగణితము రాదు, నిజమే. ఆ కుఱ్ఱవానికి వచ్చిన విద్యను కొలుచు పరీక్ష మాత్రము మన భర్తీ కచ్చేరీలలో కానరాదు. సాగరపదాతిదళమేర్పడినచో మొదట వెదకవలసినది నిజాంపట్టణములోను, సూర్యలంకలోను, కృష్ణ మొగల పల్లెలలోను. చదువు దళమే నేర్పవచ్చును. సముద్రమును తరగతిగదిలో నేర్పుట యెవరితరము?

దానికి తోడు 2022లో వచ్చిన అగ్నిపథము. నాలుగేండ్ల కొలువు, ఆపైన నూటికి ఇరువదియైదుగురికి మించి నిలుపుకొనరు. ఈ పద్ధతి భూసేనకు మంచిదా చెడ్డదా యను వాదము వేరు. ఇక్కడ దానిలోనికి పోము. సాగరపదాతి విషయములో మాత్రము సందేహము లేదు. అలవాటు పడుటకు ఒక యేడు, దిగుట నేర్చుటకు మరియొకటి, రాత్రివేళ అపరిచితమైన యొడ్డును చదువుటకు మూడవది; నాలుగవయేట చేతికి వచ్చినవానికి డబ్బిచ్చి యింటికి పంపుదురా? బందరు బురదలో నడచినవారు నిన్న మొన్న చేరినవారు గారు.

భూసేనాధిపతులు తమ పటాలములను వదలుకొనుటకు ఇష్టపడరనియు, నౌకాధిపతులకు తుపాకి పట్టినవానికంటె ఓడయే ప్రియమనియు, ఆర్థికశాఖవారికి రెండును భారమనియు మేమెరుగుదుము. మూడుశాఖలను ఒక్క యేలుబడిక్రిందికి దెచ్చిన మొదటి కూటమి 2001లో అండమాను నికోబారులలోనే ఏర్పడెను. ఈ దళమును నిలుపుటకు తగినచోటు అదియే. దానికి పుట్టిల్లు కాదగినది మన తూర్పుతీరము. ఒక బ్రిగేడుతో మొదలుపెట్టిన చాలును. దానికి సొంత జండా, సొంత శిక్షణాలయము, పదునైదేండ్లకు తక్కువగాని కొలువు, జాలరులకు ప్రత్యేకమైన భర్తీ యుండవలెను.

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాకు రేపల్లెయు, నిజాంపట్టణమును, సూర్యలంకయు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలినది. ఆవిధముగా ఈ ప్రాంతమునకు లోక్‌సభలో ఇరువురు ప్రతినిధులు గలరు. దింపుడునౌకల వ్యయము పార్లమెంటుముందుకు వచ్చినదినమున ఆ యిరువురిలో నొకరైనను లేచి, ఈ యోడలలో నుండువారు ఏ దళమువారు, వారి నెక్కడ భర్తీ చేయుదురు, ఎన్నియేండ్లుంచుకొందురు అని మూడు ప్రశ్నలు వేయవలెను. రానున్న పర్యటనలలో తమయెదుట కూర్చున్నవా రీ ప్రశ్నలను ముందుగా వారికే వేయవచ్చును. మంత్రిగారిచ్చు సమాధానమును అక్షరము పోకుండ ఈ పుటలోనే ప్రకటింతుము.